మూడొందల మందిని అడిగారు, లెక్కకి మాత్రం వంద మందే

ప్రశ్న: సార్ నమస్తే. మాది గుంటూరు, సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. 15 ఊళ్ళు తిరిగి ఊరికి 20 మంది చొప్పున 300 మంది మిర్చి కౌలు రైతుల్ని సర్వే చేశా. ఇప్పుడు మా గైడ్ గారు ఫ్యాక్టర్ ఎనాలిసిస్ (చాలా ప్రశ్నల జవాబుల వెనక దాగున్న కొద్దిపాటి అంశాల్ని, అంటే ఫ్యాక్టర్లని, తేల్చేది) చెయ్యి, ఎస్ఈఎమ్ (ఆ అంశాల మధ్య లింకులన్నీ ఒకేసారి లెక్కగట్టేది) చెయ్యి అంటున్నారు. నేను ఇంటర్లో సీఈసీ, లెక్కలు టెన్త్‌తోనే వదిలేశా. డబ్బులిచ్చి బయట చేయించుకోమంటున్నారు ఫ్రెండ్స్. ఏం చెయ్యను?

జవాబు: బయట మాత్రం ఇవ్వకండమ్మా, వైవాలో కూర్చోవాల్సింది మీరే కదా. నా సంగతి చెప్తా వినండి, అప్పట్లో నేనూ ఎస్పీఎస్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మెనూ నొక్కేసి ఆరు ఫ్యాక్టర్లు తెచ్చి వాటికి ముచ్చటగా పేర్లు కూడా పెట్టుకున్నా, వైవాలో ఒకాయన ఆరే ఎందుకొచ్చాయి అంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చిందండి అన్నా, రూమంతా నవ్వులే. తర్వాత తెలిసింది, ఏమీ మార్చకుండా నొక్కితే అది చేసేది ప్రిన్సిపల్ కాంపోనెంట్స్, అంటే చాలా ప్రశ్నల్ని కొన్ని మొత్తాలుగా కుదించడమే, అసలు ఫ్యాక్టర్ ఎనాలిసిసే కాదు. పైగా ఐగెన్ వాల్యూ (ఒక్కోటి ఎంత సమాచారం మోస్తోందో చెప్పే అంకె) 1 దాటినవన్నీ ఉంచేస్తుంది కాబట్టి అవసరానికి మించి వచ్చేస్తుంటాయి. ఎన్ని ఉంచాలో పారలల్ ఎనాలిసిస్ (మీ డేటాని ఊరికే పుట్టించిన డేటాతో పోల్చి చూడటం) చేసి తేల్చుకోండి, ఆర్‌లోనూ జమోవీలోనూ ఉంది, ఆ సాఫ్ట్‌వేర్లు రెండూ ఫ్రీయే.

అయితే మీకు అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. ఒకే ఊరి రైతులు 20 మందీ ఒకే కాలవ నీళ్ళు, చాలామందికి అప్పిచ్చేది అదే కమీషన్ వ్యాపారి, కౌలు రేటూ ఇంచుమించు ఒకటే, మరి జవాబులు ఒకేలా రాక ఏమవుతాయి? ఈ పోలిక ఎంతుందో చెప్పే అంకెని ఐసీసీ అంటారు. అది 0.1 ఉందనుకోండి, 20లోంచి ఒకటి తీసేస్తే 19, దాన్ని 0.1తో గుణిస్తే 1.9, ఒకటి కలిపితే 2.9. మీ 300ని 2.9తో భాగించండి, 103. అంటే సగటు తేల్చడానికి మీ చేతిలో ఉన్నది వంద మంది ఇచ్చినంత సమాచారమే. ఇది చూసుకోకుండా పి వాల్యూ (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) చిన్నగా వచ్చిందని సంబరపడితే అంతే సంగతులు. దీనికి రైతునీ ఊరినీ రెండు అంచెలుగా లెక్కలోకి తీసుకునే మల్టీలెవెల్ మోడల్ కావాలి, 15 ఊళ్ళంటే దానికీ కాస్త తక్కువే అనుకోండి, అయినా ఊరిని వదిలేసి చేసేదానికంటే నయం.

నేర్చుకునే వరస అడిగితే ముందు మల్టిపుల్ రిగ్రెషన్ (ఒక ఫలితం మీద చాలా అంశాల ప్రభావం ఒకేసారి చూడటం), ఓ రెండు నెలలు అదే పట్టుకు కూర్చోండి, మిగతావి దాని చుట్టాలే. ఎస్ఈఎమ్ ఆఖర్న. లెక్కలకి భయపడకండి, మనోవాలో (గుంపుల మధ్య తేడాల్ని చాలా ఫలితాల్లో ఒకేసారి చూసే పద్ధతి) ఈరోజుకీ పేరు వినబడే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు చిన్నప్పుడు చదివింది మన నూజివీడు, నందిగామ బళ్ళలోనే.

ఇవాళే ఓసారి మీ ఎక్సెల్ షీట్ తెరిచి ఊరి పేరుకి కాలమ్ ఉందో లేదో చూడండి. చాలామంది ఎక్కించరు. లేకపోతే ఫారాలు అటకెక్కకముందే కూర్చుని ఎక్కించెయ్యండి.