మా అన్నయ్య యుద్ధానికే వెళ్లలేదు, అయినా ఆర్మీ నుంచి వచ్చాక నిద్ర లేదు, అయినదానికీ కానిదానికీ కోపం. ఎందుకిలా?

యుద్ధం జరగకపోయినా మనసుకు దెబ్బ తగులుతుందండి. మా వారు ఆర్మీ ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేశారు. పార్లమెంటు మీద దాడి తర్వాత, 2001 డిసెంబరులో ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకి తరలించారు. యుద్ధం రాలేదు గానీ సరిహద్దు పొడవునా మందుపాతరలు పాతారు, మళ్లీ వాటినే వెతికి తీశారు. ఆ పనిలో ఎంతోమంది జవాన్లు చనిపోయారు, కాళ్లు పోగొట్టుకున్నారు. మా వారి పక్కనున్న స్నేహితుడికీ కాలు పోయింది.

రిటైరై వచ్చాక ఆయన పొలం గట్టు మీద నడిచే తీరే వేరు. ముందు నేలంతా కళ్లతో వెతికి, గట్టిగా కనబడ్డ చోటే కాలు మోపేవారు. దున్నిన చేలోకి పిల్లలు దిగితే కేకలేసేవారు. చూసేవాళ్లు చాదస్తం అనుకునేవారు. దగ్గరికెళ్తే చొక్కా చెమటతో తడిసిపోయి ఉండేది.

బీపీకి, కడుపులో మంటకి ఏళ్ల తరబడి మందులు వాడాం. అపాయం దాటినా ఒళ్లు ఆ సంగతి నమ్మదు. గుండె దడ, తెల్లవార్లూ మెలకువ. ఇలాంటి జవాన్లు చాలామంది నిద్ర కోసం ఆర్మీ క్యాంటీన్‌లో దొరికే మద్యం మొదలుపెడతారు. దాంతో మత్తే గానీ మంచి నిద్ర రాదు, మర్నాడు చిరాకు రెట్టింపవుతుంది. సర్వీసులో ఉండగా చెబితే మెడికల్ కేటగిరీ (ఆరోగ్య స్థాయి) తగ్గిస్తారని, ప్రమోషన్ ఆగుతుందని భయం. ఆ భయం ఉత్తిది కాదు, అందుకే నోరు విప్పనందుకు వాళ్లని తప్పుపట్టలేను.

మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి బీపీ చూపించుకోవడానికి వెళ్తే, డాక్టరమ్మ కలల గురించి అడిగారు. అక్కణ్ణుంచి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. పీటీఎస్‌డీ అన్నారు, అంటే భయంకరమైన సంఘటన తర్వాత మనసుని వదలని ఒత్తిడి జబ్బు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు విన్నాకే, 1980లో అమెరికా డాక్టర్లు ఈ పేరుతో దాన్ని జబ్బుల జాబితాలో చేర్చారట. మందులతో పాటు, జరిగింది కొద్దికొద్దిగా చెప్పించే కౌన్సెలింగ్ ఇచ్చారు. నెమ్మదిగానే అయినా ఆయనకి నిద్ర తిరిగొచ్చింది. దీపావళి బాంబుల చప్పుడుకి ఇప్పటికీ ఉలిక్కిపడతారు.

మీ అన్నయ్య పీడకలలో ఉంటే తట్టి లేపకండి, దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. "ఏం జరిగింది, చెప్పు" అని గుచ్చి అడగొద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆయన ఇంకా సర్వీసులో ఉన్నారా, రిటైరయ్యారా? రాయండి. ఈసీహెచ్‌ఎస్ కార్డు గురించి నాకు తెలిసినంత చెబుతాను.