రోజూ సత్ప్రసాదం, రోజూ గొడవ

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె, కతోలిక కుటుంబం. మావారు రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఏడాదిగా రోజూ ఉదయం ఆరింటి పూజకు వెళ్తున్నాను. అయినా సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) ఏదో అలవాటుగా లోకొని, అంటే స్వీకరించి, వచ్చేస్తున్నాననిపిస్తోంది. గురువారం ఆరాధనకు (సత్ప్రసాదం ముందు కూర్చుని చేసే ప్రార్థనకు) కూడా ఉండిపోదామా అనుకుంటున్నాను. మావారేమో "దేవుణ్ణి గుళ్ళోనే వదిలేసి వస్తున్నావా" అని గొడవ. భక్తి పెరగాలంటే ఏం చేయాలి? అత్తయ్యకు సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చింది, మంచంలోనే ఉన్నారు. గుడికి రాలేరు. పొద్దున్నే జావ, మాత్రలు పడాలి కాబట్టి సత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన ఉపవాసం కూడా కుదరదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చివరి మూడు వాక్యాల దగ్గర ఆగిపోయాను. మీరు రోజూ లోకొంటున్న సత్ప్రసాదం మీ అత్తగారికి సంక్రాంతి నుంచి ఒక్కసారీ అందలేదు. అదేదో మామూలు సంగతి అన్నట్టు రాసేశారు. తప్పు పట్టడం లేదు, మంచంలో మనిషి ఉన్న ఇంట్లో రోజులు అలాగే గడిచిపోతాయి. కానీ మీరు అడిగినదానికి జవాబు నాకు అక్కడే కనిపిస్తోంది.

సత్ప్రసాదం లోకొనే ముందు, "ప్రభువా, నీవు నా దగ్గరకు రావడానికి నేను తగను, ఒక్క మాట పలికితే చాలు" అనే అర్థంతో ప్రార్థిస్తాం కదా. మత్తయి సువార్త 8వ అధ్యాయంలో శతాధిపతి (వందమంది సైనికుల మీద అధికారి) యేసుతో అన్న మాట అది. ఆ అధికారి తన కోసం అడగలేదు. ఇంట్లో సేవకుడు పక్షవాతంతో పడి ఉంటే వాడి కోసం వచ్చి అడిగాడు. ఆ మాట ఇన్నాళ్ళూ మీరు మీ ఒక్కరి కోసమే అంటున్నారేమో. రేపు అనేటప్పుడు అత్తగారి మంచాన్ని తలుచుకుని అనండి.

ఉపవాసం భయం పక్కన పెట్టండి. అది అత్తగారి చిన్నప్పటి లెక్క అయి ఉంటుంది. ఆ రోజుల్లో అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదు. 1957లో మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గించారు. నీళ్ళకూ మందులకూ అడ్డే లేదు. వయసు మీరినవాళ్ళకు, రోగులకు, వాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాళ్ళకు ఆ గంట నియమం కూడా వర్తించదు. జావ తాగి, మాత్రలు వేసుకుని హాయిగా లోకొనవచ్చు. మింగడం కష్టమైతే చిన్న ముక్క ఇచ్చి, వెంటనే గుక్కెడు నీళ్ళు పట్టిస్తారు. గొంతు పడుతుందో లేదో ఫాదర్ గారికి ముందే చెప్పండి.

ఆదివారం పూజ అయ్యాక విచారణ గురువులను (మీ గుడి ఫాదర్ గారిని) కలవండి, లేదా ఊళ్ళో మతబోధ చేసే ఉపదేశి గారితో చెప్పండి. చాలా చోట్ల నెలలో తొలి శుక్రవారం నాడు రోగుల ఇళ్ళకు సత్ప్రసాదం తీసుకెళ్తారు. మీ ఇల్లు ఆ జాబితాలో లేదంటే, బహుశా ఎవరూ చెప్పకపోవడమే కారణం. పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర ఏకాంతంగా పాపాలు ఒప్పుకోవడం) చేయాలని అత్తగారికి ఉందేమో అడగండి. మాట ముద్దగా వస్తున్నా ఫర్వాలేదు, ఆ కాసేపూ మీరంతా వరండాలోకి వెళ్ళండి.

ఆ రోజుకు పెద్ద హంగామా అక్కర్లేదు. మంచం పక్కన చిన్న బల్ల, శుభ్రమైన తెల్ల గుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్ళు. మీ వైపు చాలామంది ఆడవాళ్ళకు లేసు అల్లడం వచ్చు కదా. అత్తగారు అల్లిన గుడ్డ ట్రంకుపెట్టెలో ఉంటే అదే పరచండి. ముందు రోజు సాయంత్రమే తీసి, మడతలు పోయేలా ఇస్త్రీ చేసి, ఆవిడకు చూపించండి. మందుల సీసాలు, జావ గిన్నె తీసేసి, టీవీ కట్టేయండి. ఈ సర్దుడంతా మీకు ఆరాధనే. ఇప్పుడు గురువారం గుళ్ళో కూర్చునే గంట కన్నా ఇది మీకు ఎక్కువ ఇస్తుందని నా నమ్మకం.

మరి రోజూ పూజ మానేయాలా? మానమని అనను. తరచుగా సత్ప్రసాదం లోకొనమని 1905లో పదో పయస్ పోప్ గారే ప్రోత్సహించారు. అయితే అలవాటుకొద్దీనో, నలుగురూ మెచ్చుకోవాలనో కాకూడదని అప్పుడే స్పష్టంగా చెప్పారు. కాబట్టి మీ అనుమానం కొత్తదీ కాదు, చెడ్డదీ కాదు. ఆదివారం మనకు విధి, మిగతా రోజులు మన ఇష్టం. అత్తగారి దగ్గర ఎవరైనా ఉండగలిగిన రెండు మూడు రోజులు వెళ్ళండి. మిగతా రోజుల్లో ఆరింటికి గుడి గంట వినిపిస్తే, పొయ్యి మీద జావ కలుపుతూనే, "ప్రభువా, ఇవాళ రాలేను, నువ్వే నా మనసులోకి రా" అనుకోండి. ఆత్మీయంగా సత్ప్రసాదం లోకొనడమంటే అదే. ఫోన్‌లో లైవ్ పూజ పెట్టి కూరలు తరగడం మాత్రం నాకంతగా నచ్చదు. ఆ లైవ్ అత్తగారికి చూపించండి, పక్కన మీరూ కూర్చోండి.

ఇక మీవారు. రాత్రంతా చెరువు గట్టు మీద ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆగకుండా కాపలా కాసి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరకు పరిగెత్తే మనిషి తెల్లారి ఇంటికొచ్చేసరికి మీరు గుమ్మం దాటుతున్నారు. లోపల అమ్మ పిలుస్తోంది. ఆయన మాటలో వెటకారం ఉంది, కాదనను. పొద్దున్నే ఆ కాసేపు మనిషి సాయం లేదన్న ఉక్రోషమూ ఉంది. మీ భక్తి చూసి ఆయన మారాలని ఎదురుచూడకండి, పూజకు రమ్మని సాధించకండి. ఫాదర్ గారు వచ్చే రోజు చెరువు దగ్గర ఎవరినైనా పెట్టి ఇంట్లో ఉండమని ముందు రోజే చెప్పండి. "నా కోసం" అనకండి, "మీ అమ్మ కోసం" అనండి. అత్తగారిని లేపి కూర్చోబెట్టి వీపుకు దిండు పెట్టడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి.