షుగర్ వల్ల నాన్నకి మోకాలి కింద కాలు తీసేశారు. జైపూర్ కాలు పెట్టించాలా, కార్బన్ ఫైబర్‌దా?

నాన్నగారు రైతు, మళ్ళీ పొలం వెళ్తానని పట్టుబడుతున్నారని రాశారు కాబట్టి చెప్తున్నా. నాది కూడా మోకాలి కిందే. బైక్ యాక్సిడెంట్లో పోయి పదమూడేళ్ళయింది.

నా ఓటు జైపూర్ కాలుకే. 1968లో జైపూర్ సవాయి మాన్ సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన పాదం అది. అప్పటిదాకా దొరికే విదేశీ రకం బూటులో పెట్టుకుని నడవడానికే పనికొచ్చేది, చీలమండ దగ్గర వంగేది కాదు. మనం గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకుని అన్నం తినాలి, బురదలో దిగాలి. ఈ రబ్బరు పాదం వీటన్నిటికీ ఒదుగుతుంది. కార్బన్ ఫైబర్ తేలికే, అడుగు ముందుకి తోస్తుంది కూడా. కానీ ఆ డబ్బు పెట్టి మడిలో దిగమంటే నాకైతే ప్రాణం ఒప్పదు.

అయితే పాదం కంటే సాకెట్ ముఖ్యం, అంటే మొండికాలు దూరే గిన్నె. పుండు మానగానే తొందరపడి కొలతలిచ్చేశాను. వాపు ఇంకా ఉంది. మూడు నెలలకి కాలు సన్నబడి సాకెట్లో పైకీ కిందకీ ఆడింది, ఎముక కొస దగ్గర పుండు పడింది. మూడు వారాలు మళ్ళీ చంకకర్రలే. బరువు ఆ కొస మీద కాదు, మోకాలిచిప్ప కింది స్నాయువు (టెండన్) మీద పడాలని తర్వాత ఇంకో టెక్నీషియన్ చెప్పాడు. ఇప్పుడు పొద్దున మొండికాలికి ఒక సాక్స్‌తో మొదలుపెడతాను, సాయంత్రానికి వదులైతే రెండోది తొడుగుతాను. మూడు తొడిగినా వదులుగా ఉందంటే కొత్త సాకెట్టే. అందుకే వాపు పూర్తిగా తగ్గేదాకా డాక్టర్ చెప్పినట్టు ఎలాస్టిక్ కట్టు కట్టండి.

మోకాలి కింద దిండు పెట్టొద్దు. మా అమ్మ ప్రేమతో పెట్టింది, మోకాలు వంగిపోయి బిగుసుకుంది. తిన్నగా చేయడానికి ఫిజియోథెరపీ రెండు నెలలు పట్టింది, ఆ నొప్పి ఆపరేషన్ కంటే ఎక్కువ.

ఖర్చు సంగతికొస్తే, 1975లో డి.ఆర్. మెహతా పెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఉచితంగానే ఇస్తుంది. వికలాంగులకి ఉపకరణాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం కూడా ఉంది, దానికి ఆదాయ పరిమితి చూస్తారు. వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్ (సదరం లాంటిది) ముందే తీసి పెట్టుకోండి.

షుగర్ ఉంది కాబట్టి ఒరిసినా ఆయనకి తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అద్దం పెట్టి మొండికాలు, రెండో పాదం రెండూ చూడండి. కట్టుడు కాలు ఒట్టిగా నడిచినా సొంత పాదానికి మాత్రం చెప్పు ఉండాల్సిందే. కొలతలకి వెళ్ళేటప్పుడు పొలానికి వేసుకునే ఆ చెప్పుల జత తీసుకెళ్ళండి, కాలు ఎత్తు వాటిని బట్టే సరిచేస్తారు.