తాతయ్య గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పేజీలన్నీ నిదానంగా చదివాను. తాతయ్య పోయి నెల తిరక్కముందే కాగితం ముందు కూర్చున్నావంటే ఆయన మీద నీకెంత ప్రేమో తెలుస్తూనే ఉంది. ఏడుస్తూ రాశానని వేరే చెప్పక్కర్లేదు, వాక్యాల్లోనే కనిపిస్తోంది. ఆ ప్రతిని జాగ్రత్తగా దాచుకో, ఒక్క అక్షరం కూడా కొట్టేయకు. ఇక రెండో ప్రతి మొదలుపెట్టాలి. ఈ ఉత్తరం దాని గురించే.

నీ పేజీల్లో తాతయ్య మొదటి నుంచి చివరి దాకా ముసలాయనే. తెల్ల జుట్టు, చేతికర్ర, పడక్కుర్చీ, మెల్లని మాట, మనవలంటే ప్రాణం. ఆయన తొంభై మూడేళ్లు బతికారు. నీకు ఊహ తెలిసేనాటికే డెబ్భై దాటేశారు. అంటే నువ్వు కళ్లారా చూసింది ఆ జీవితంలో చివరి ఇరవై ఏళ్ల పైచిలుకు మాత్రమే. చిన్ననాటి సంగతులు ఒకటి రెండు తప్ప మిగతా డెబ్భై ఏళ్లనీ ఒక్క పేరాలో ముగించావు. పుట్టారు, చదువుకున్నారు, కష్టపడి పైకొచ్చారు, పెళ్లయింది, పిల్లల్ని ప్రయోజకుల్ని చేశారు. ఆ పేరా ఎవరి తాతయ్య గురించైనా రాయొచ్చు. నిండు జీవితం అని పేరు పెట్టుకున్నావు కదా, ఆ నిండుదనం నువ్వు పుట్టక ముందే చాలావరకు గడిచిపోయింది. దాన్ని వెతికి తెచ్చుకోవాలి. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే.

పొగడ్తల సంగతి పెద్దగా చెప్పను. ధర్మాత్ముడు, పెద్దమనసున్నవారు, ఎవరినీ నొప్పించని మనిషి లాంటి మాటలు చాలా వాడావు. అవి అబద్ధాలని కాదు, వాటిలో ఆయన ముఖం కనిపించడం లేదు. అదే నాలుగో పేజీలో ఒక సంగతి రాశావు చూడు. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా ఆయన గేటు దాకా వచ్చి, బండి మలుపు తిరిగేదాకా నిలబడేవారని, మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయేవారని. అక్కడ నాకు మీ తాతయ్య కనిపించారు. నువ్వేమో రెండు వాక్యాల్లో ఆ సంగతి తేల్చేసి, వెంటనే ఆయన ఉదార స్వభావం మీదికి వెళ్లిపోయావు. ఆ గేటు దగ్గర ఆగు. అలా నిలబడే అలవాటు ఎప్పటినుంచి? ఆయన సాగనంపిన వాళ్లలో తిరిగి రానివాళ్లు ఎవరైనా ఉన్నారా? నీకు తెలియకపోవచ్చు, మీ మేనత్తకు తెలిసి ఉంటుంది.

ఇంకోచోట "చివరి రోజుల్లో మతిమరుపు వచ్చి చెప్పిందే చెప్పేవారు" అన్నావు. ఆ వాక్యం మార్చమంటాను. పెద్దవాళ్లు గతం తవ్వుకుంటూ కూర్చోవడాన్ని మనసు సడలిపోతోందనడానికి గుర్తుగా చూసే రోజుల్లో, 1963లో, రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు అది కాదని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. చావు దగ్గరపడుతోందని తెలిసిన మనిషి తన బతుకునంతా మళ్లీ ముందేసుకుని, తేలకుండా మిగిలిపోయిన వాటిని తేల్చుకోవాలని చూస్తాడని, అది ఆ వయసులో సహజంగా జరిగే పనేనని ఆయన చెప్పాడు. మీ తాతయ్య ఒకే కథ పదే పదే చెప్పారంటే అందులో ఆయనకు తేలని విషయం ఏదో ఉండి ఉండొచ్చు. విన్నవాళ్లకు విసుగొచ్చిన కథలే రాసేవాళ్లకు దారి చూపిస్తాయి. ఆ కథలన్నీ గుర్తున్నంత వరకు ఒకచోట రాసుకో.

రాసుకున్నాక ఒక సంగతి గమనించు. వాటిలో ఎక్కువ భాగం ఆయన పదేళ్ల వయసుకీ ముప్పై ఏళ్ల వయసుకీ మధ్య జరిగినవే అయి ఉంటాయి. నలభై దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే ఆ వయసు సంగతులే ఎక్కువగా చెప్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనిస్తున్నారు. డేవిడ్ రూబిన్, ఆయనతో పనిచేసినవాళ్లు 1986లో ఎన్నో పరిశోధనల లెక్కలు ఒకచోట చేర్చి ఇది చూపించారు. మొదటి బడి, మొదటి స్నేహం, మొదటి జీతం, పెళ్లి, ఇవన్నీ ఆ ఇరవై ఏళ్లలోనే కదా జరిగేవి.

ఇది నీ పనికి ఎలా పనికొస్తుందో చెప్తాను. ఆయన చెప్పిన కథల్లో బాల్యం, యవ్వనం ఉన్నాయి. నువ్వు చూసిన దాంట్లో ముసలితనం ఉంది. నడుమ నలభై నుంచి అరవై దాకా ఉన్న ఇరవై ఏళ్లు ఎక్కడా లేవు. ఆయన ఇల్లు మోసింది ఆ ఏళ్లలోనే. అప్పులు, ఫీజులు, తమ్ముళ్ల బాధ్యతలు, ఉద్యోగంలో పడ్డ మాటలు, రాత్రిపూట నిద్ర పట్టని టెన్షన్లు, అన్నీ అప్పుడే. అలాంటివి మగవాళ్లు మనవలకు కథలుగా చెప్పరు. చెప్పడానికి అందులో కథ ఉందని కూడా అనుకోరు.

కానీ ఆ ఏళ్లకు సాక్షులున్నారు. మీ నాన్న పుట్టేసరికి తాతయ్యకు ముప్పై అని రాశావు. అంటే నాన్నకు పదేళ్లప్పుడు ఆయనకు నలభై, నాన్నకు ముప్పై వచ్చేసరికి ఆయనకు అరవై. తండ్రి చెప్పకుండా వదిలేసిన ఏళ్లే కొడుకు జ్ఞాపకాల్లో అన్నిటికన్నా దట్టంగా ఉండే ఏళ్లు! నీ పుస్తకానికి కావలసిన సగం మీ నాన్న దగ్గర ఉంది, పెదనాన్న దగ్గర ఉంది, మేనత్త దగ్గర ఉంది. నీ పేజీల్లో వాళ్లెవరూ మాట్లాడటం లేదు.

వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు "తాతయ్య ఎలాంటి మనిషి?" అని మాత్రం అడగకు. అలా అడిగితే దండ వేసిన ఫోటో గురించి చెప్పినట్టే చెప్తారు. జీతం రోజు ఇంటికొచ్చాక మొదట ఏం చేసేవారు, ఆయనకు కోపం వచ్చిందని ఇంట్లో అందరికన్నా ముందు ఎవరు పసిగట్టేవారు, నువ్వు పరీక్ష తప్పిన రోజు ఏమన్నారు, ఆయన భయపడటం ఎప్పుడైనా చూశావా, ఇలాంటివి అడుగు. అడిగాక మాట్లాడకుండా ఉండటం నేర్చుకోవాలి. జవాబు ఆగిపోయినప్పుడు మనం కంగారుపడి ఇంకో ప్రశ్న వేసేస్తాం. వేయకు, ఆగు. చాలాసార్లు అసలు మాట ఆ ఆగిన తర్వాతే వస్తుంది. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టొద్దు, ఇంటికి పెద్ద ఎవరైతే వాళ్లు చెప్పిందే అందరి మాటా అయిపోతుంది. ఒక్కొక్కరితో విడిగా కూర్చో. ఫోన్‌లో రికార్డు చేస్తానని ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే చెయ్యి. ఆ ఫైళ్లు ఫోన్‌లో వదిలేయకుండా ఇంకోచోట కూడా దాచు.

నాన్నమ్మ చెల్లెలు ఉన్నారని, చెవులు సరిగా వినపడవని రాశావు. అందరికన్నా ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు. ప్రశ్నలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చూపించు. పాత ఫోటోలు పట్టుకెళ్లు. అందులో ఎవరెవరో ఆవిడ చెప్పినప్పుడు ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో రాసుకో. బాల్‌పెన్ వాడితే ఒత్తిడికి ముందువైపు గీతలు పడతాయి. రాత ఎప్పుడైనా చెయ్యొచ్చు. ఆ ఫోటోలో తాతయ్య పక్కనున్న కుర్రాడెవరో చెప్పగలిగే మనిషి మాత్రం ఎల్లకాలం ఉండరు.

ఒకే సంఘటన ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు, దానికి కంగారుపడకు. 1986 జనవరిలో అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థుల చేత రాయించాడు. రెండున్నరేళ్లు దాటాక మళ్లీ అడిగితే చాలామంది వేరే చోటు, వేరే మనుషుల పేర్లు చెప్పారు. తమ జ్ఞాపకం తప్పయ్యే అవకాశమే లేదన్నంత నమ్మకంగా చెప్పారు కూడా. రెండున్నరేళ్లకే అంత మారితే యాభై ఏళ్ల నాటి సంగతి మాటేమిటి? తేదీలకు, ఉద్యోగాలకు, ఇళ్లు మారిన సంవత్సరాలకు ఉత్తరాలు, సర్టిఫికెట్లు, దస్తావేజులు చూడు. మనుషుల మధ్య జరిగినవాటికి మాత్రం ఎవరి కథ వారి పేరుతోనే రాయి. పెదనాన్న ఇలా అంటారు, మేనత్త అలా అంటుంది అని రెండూ పక్కపక్కన పెట్టు. ఒకే తండ్రి పెద్దకొడుకుకీ చిన్నకూతురికీ ఇద్దరు వేర్వేరు మనుషుల్లా తోచడం కూడా ఆయన జీవితంలో భాగమే.

ఇక నాన్నమ్మ. ఆవిడ గురించి "ఆయనకు తోడునీడగా నిలిచింది" అని ఒక్క వాక్యం రాశావు. ఇక్కడ నేను గట్టిగానే చెప్పాలి. తాతయ్య అందరికీ ఇల్లు తెరిచి పెట్టారని, ఇంటికొచ్చినవాళ్లు తినకుండా వెళ్లింది లేదని మూడు పేజీలు రాశావు. వండింది ఎవరు? ఎంతమంది వస్తారో తెలియకుండా రోజూ పొయ్యి ముందు నిలబడింది ఎవరు? బంధువుల పిల్లలు ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉండి చదువుకున్నారు కదా, వాళ్లకు జ్వరం వస్తే రాత్రి మేలుకున్నది ఎవరు? ఇంటిపెద్ద మంచితనం చాలాసార్లు ఆ ఇంటి ఆడవాళ్ల ఒళ్లు అలిసిపోతేనే నిలబడింది. ఇది రాస్తే తాతయ్య చిన్నబోతారని అనుకోకు. ఆ పెద్దమనసు ఏ కష్టం మీద నడిచిందో చదివేవాళ్లకు తెలుస్తుంది. ఆవిడకు అది ఇష్టమేనా, ఎప్పుడైనా కాదన్నదా, కాదంటే ఆయన ఏం చేశారు? చెల్లెలిని అడుగు. అక్కాచెల్లెళ్లు ఇలాంటివి తప్పకుండా చెప్పుకుని ఉంటారు.

ఆయన లోపాల గురించి నువ్వే అడిగావు. మేనత్తను చదువు మాన్పించిన విషయం రాయాలా వద్దా అని. రాయమనే అంటాను, అయితే ముందు మేనత్తను అడగాలి. అది ఆవిడ జీవితం, నీ పేజీకి రంగు కోసం వాడుకునే హక్కు నీకు లేదు. ఆవిడ వద్దంటే వదిలేయి, ఇంకేమీ ఆలోచించకు. సరేనంటే ఆవిడ మాటల్లోనే రాయి. తాతయ్య తరఫున వాదించకు, ఆయన్ని బోనులోనూ నిలబెట్టకు. ఆ కాలం అలాంటిది అని ఒక్క మాటతో దాటేయడం కూడా సరికాదు, అదే కాలంలో కూతుళ్లను చదివించిన తండ్రులూ ఉన్నారు. ఆ నిర్ణయం తీసుకున్న రోజు ఆయనకేం తెలుసు, దేనికి భయపడ్డారు, తర్వాత ఎప్పుడైనా బాధపడ్డారా అని వెతుకు. నిన్ను చదువుకోమని అంతగా వెంటపడ్డారని రాశావు కదా. ఆ రెండు సంగతులనూ ఒకే అధ్యాయంలో పక్కపక్కన పెట్టి చూడు. వాటి మధ్య సంబంధం గురించి నువ్వేమీ వ్యాఖ్యానించకు.

ఇంట్లో కొందరికి కోపం వస్తుంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలని అంటారు. వాళ్ల బాధ నిజమైనదే, వాదనకు దిగకు. ఆస్తి గొడవల్లాంటివి, బతికున్న వాళ్ల మధ్య ఇంకా నలుగుతున్నవి వదిలేస్తే కొంపేమీ మునగదు. మిగతావి అచ్చుకు వెళ్లేముందు సంబంధించిన వాళ్లకు చదివి వినిపించు.

చిన్న చిన్నవి రెండు. బాల్యం రాసేటప్పుడు కూడా "ఆయన చెట్టెక్కారు, ఆయన ఏడ్చారు" అని రాశావు. గౌరవం నాకు అర్థమైంది, కానీ చదువుతుంటే ఎనిమిదేళ్ల పిల్లాడి బదులు చేతికర్రతో ఉన్న పెద్దాయన చెట్టెక్కుతున్నట్టుంది. ఆ భాగంలో ధైర్యంగా "వాడు" అని రాయి, లేదా ఇంట్లో పిలిచిన ముద్దుపేరు వాడు. ఏ వయసులో "ఆయన"గా మార్చాలో రాస్తుంటే నీకే తడుతుంది. రెండోది, ఆస్పత్రి రోజులు. నీ పేజీల్లో దాదాపు మూడో వంతు ఆ రెండు వారాలే. ఇప్పుడు నీ కళ్ల ముందు అవే ఉన్నాయి కాబట్టి అలా జరిగింది. తొంభై మూడేళ్లలో రెండు వారాలు ఎంతో అంత చోటే ఇవ్వు. పుస్తకాన్ని చావుతో మొదలుపెట్టకు, చావుతోనే ముగించాలని కూడా లేదు.

నీకు ఒక భయం ఉందని నీ ఉత్తరం చివరి వాక్యాన్ని బట్టి అనుకుంటున్నాను. ఇవన్నీ తవ్వితే నీకు తెలిసిన తాతయ్య నీకు దక్కకుండా పోతారేమోనని. అలా జరగదమ్మా. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న మనిషి ఎక్కడికీ పోరు. ఆయనతో పాటు ఉద్యోగం కోసం తిరిగిన కుర్రాడు, అప్పు అడగడానికి ఎవరి గుమ్మం ముందో నిలబడ్డ నడివయసు తండ్రి కూడా నీ ఇంట్లోకి వస్తారు. వాళ్లను నువ్వు ఇంకా కలవలేదు.

తొందరేమీ లేదు, ఏడాది పట్టినా పట్టనీ. చిన్న నాన్నమ్మను కలవడం మాత్రం వాయిదా వేయకు, ఈ వారమే వెళ్లు. తర్వాత నాన్నతో కూర్చో. ఆయన మొదట్లో ఏమీ చెప్పకపోవచ్చు, తండ్రిని పోగొట్టుకున్నది ఆయన కూడా. మళ్లీ ఇంకో రోజు అడుగు. ఆ నడిమి ఇరవై ఏళ్లలో ఏ ఒక్క రోజు గురించైనా నాలుగు పేజీలు తయారయ్యాక నాకు పంపు. చేతిరాతతో ఉన్నా పర్వాలేదు, చదువుకుంటాను.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు