వాల్పుర్గిస్ రాత్రి: సన్యాసిని పేరు, మంత్రగత్తెల భయం

ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు చీపుళ్ళెక్కి జర్మనీలోని బ్రాకెన్ కొండకు పోతారంటారే, ఆ రాత్రికి ఒక సన్యాసిని పేరెందుకు, చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి అని అడిగారు.

సన్యాసినినీ మంత్రగత్తెలనూ కలిపింది క్యాలెండరే. ఆ సన్యాసిని వాల్పుర్గా 8వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి జర్మనీకి వచ్చి హైడెన్‌హైమ్ మఠాన్ని నడిపింది. ఆమె స్మరణ దినం మే 1న పడడంతో ముందు రాత్రికి ఆ పేరు వచ్చింది. జనం భయమంతా పశువుల గురించి. గొడ్లను మేతకు తోలే కాలం అది. మంత్రగత్తెలు పాలు లాగేస్తారని నమ్మేవారు. అందుకే కొట్టం తలుపు మీద సుద్దతో మూడు శిలువలు గీసేవారు, గడప దగ్గర చీపురు పుల్లలు పైకి ఉండేలా నిలబెట్టేవారు, చీకటి పడగానే కొరడాలు ఝళిపించి గంటలు మోగించేవారు. ఈ నమ్మకాలకు అసలు ప్రాణం ఇక్కడే ఉంది.

బ్రాకెన్ ఎత్తు 1,141 మీటర్లు. సూర్యుడు వెనక తక్కువ ఎత్తులో ఉండి ఎదుట పొగమంచు కమ్మితే మన నీడే రాక్షసాకారంగా కనిపిస్తుంది. జర్మన్ కవి గోథే 1808లో అచ్చయిన 'ఫౌస్ట్' నాటకం మొదటి భాగంలో ఈ రాత్రినే పెట్టాడు, దాంతో కొండ పేరు మోగిపోయింది. కానీ వేడుక కోసం శిఖరానికి వెళ్ళకండి, అది నేషనల్ పార్కు, మంటలు నిషేధం. కింద షీర్కే ఊరు, లేదా టాలె పట్టణం పైనున్న కొండ మైదానం హెక్సెన్‌టాంట్స్‌ప్లాట్స్ సరైనవి. గదులు నెలల ముందే నిండుతాయి.

జర్మనీ రాష్ట్రమైన సాక్సనీలో అయితే పెద్ద మంట వేసి, పైన గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మను కాలుస్తారు. కట్టెల కుప్పను ముందే పేర్చి ఉంచితే ముళ్ళపందులు, పక్షులు అందులో దూరతాయి. వెలిగించే రోజునే విప్పి మళ్ళీ పేర్చాలి, ఇది తప్పనిసరి. రంగేసిన చెక్క, పాత సోఫాలు వేయకూడదు, విషపు పొగ వస్తుంది.

దక్షిణ జర్మనీలోని బవేరియాలో ఇదే 'ఫ్రైనాఖ్ట్', కుర్రాళ్ళ ఆకతాయి రాత్రి. తోట గేటు ఊడదీసి ఊరి నడుమ పెట్టడం, పూలకుండీలు మార్చడం వరకు పెద్దలు నవ్వి ఊరుకుంటారు. మ్యాన్‌హోల్ మూతలు తీస్తే మాత్రం పోలీసు కేసే, చీకట్లో ఎవరైనా పడిపోతారు. ఇంటి బయట సైకిల్ ఉంటే ఆ సాయంత్రం లోపల పెట్టుకోండి.