తుప్పు పట్టని ఇనుమా, గాజునార కడ్డీయా?

సందేహం: భావనపాడు దగ్గర సముద్రపొడ్డున కట్టే గోడకు ‘తుప్పు పట్టని ఇనుము’ వెయ్యమని మేస్త్రి అంటున్నాడు. కరపత్రంలో మాత్రం ‘ఫైబర్ బలోపేత పాలిమర్ కడ్డీ’ అని ఉంది. ఏది సరైన మాట?
– ఒక పాఠకుడు, సంతబొమ్మాళి

సమాధానం: రెండూ కావు. కాంక్రీటులో ఇనుప కడ్డీకి బదులు వేసే దీన్ని గాజునార కడ్డీ అనండి.

బల + ఉపేతం బలోపేతం, అంటే బలంతో కూడినది. ‘ఫైబర్’ పక్కన ‘తో’ లేకపోవడంతో దేనివల్ల దేనికి బలం వచ్చిందో తేలదు. ఇక ఫైబర్‌కు మనకు రెండు మాటలున్నాయి: నార, పీచు. గోగుకట్టెను ఊరబెట్టి ఒలిస్తే నిలువునా వచ్చేది నార. లాగితే ఆగుతుంది, తాడవుతుంది. ఉద్దానంలో కొబ్బరి డొక్కను చితక్కొడితే వచ్చేది పీచు, చిక్కుపడే పొట్టి పోగులు. ఈ తేడా ఇక్కడ చక్కగా పనికొస్తుంది. కాంక్రీటులో కలిపే పొట్టి పోగులు పీచు. కడ్డీలో ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగే వేల గాజు పోగులు నార. వాటిని రెజిన్‌ అనే గట్టిపడే జిగురులో ముంచి, వేడి అచ్చులోంచి లాగి కడ్డీ చేస్తారు. ఉత్త ‘నార కడ్డీ’ అంటే మన శ్రీకాకుళం జిల్లాలో గోగునారే గుర్తొస్తుంది, అందుకే ముందు ‘గాజు’ ఉండాలి.

తుప్పు ఇనుముకే పడుతుంది. బుడితి ఇత్తడి చెంబుకు పట్టేది చిలుము. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. గాజునారకు ఆ బాధ లేదు. అలాగని దేనికీ చెడదని కాదు. కాంక్రీటులోని క్షారం నాసిరకం గాజును తినేస్తుంది. క్షారాన్ని తట్టుకునే గాజు, వినైల్ ఎస్టర్ రెజిన్ ఉన్న కడ్డీనే అడగాలి.

‘ఇనుము’ అన్న మాటతోనే అసలు చిక్కు. ఇనుమంటే మేస్త్రి చెయ్యి వంచడానికే పోతుంది. దీన్ని సైటులో వంచకూడదు, పోగులు చిట్లుతాయి. ఇనుము సాగి, ముందే పగుళ్లు చూపించి తెగుతుంది. ఇది ఇనుములా సాగిపోకుండా ఒక్కసారిగా తెగుతుంది. బిగుతనం, అంటే బరువు పడినా సాగకుండా నిలిచే గుణం, ఇనుముకు 200 గిగాపాస్కల్ అయితే దీనికి 45–60 మాత్రమే. కడ్డీకి కడ్డీ లెక్కన మార్చేస్తే గోడ ఎక్కువ వంగి పగుళ్లు వెడల్పవుతాయి, ఇంజినీరు మళ్లీ లెక్క కట్టాల్సిందే. 12 మి.మీ. ఇనుము మీటరుకు 888 గ్రాములు, ఇది సుమారు పావుకిలో. తడి కాంక్రీటు కన్నా తేలిక కాబట్టి కాంక్రీటును కుదించే వైబ్రేటర్ పెట్టగానే పైకి తేలుతుంది. కిందికి లాగి కట్టాలి, అదీ ప్లాస్టిక్ కట్లతో. ఇనుప బైండింగ్ వైరు వాడితే అదే తుప్పు పడుతుంది.

రింగులు, మూల వంపులు కొలతలిచ్చి ఫ్యాక్టరీలోనే చేయించాలి. కనుక డ్రాయింగులో ‘కడ్డీ వంచాలి’ అని ఉన్నచోట ‘వంపుతో తెప్పించాలి’ అని రాయించండి.