నడిపించి చూస్తే డాక్టరుకి ఏం తెలుస్తుంది?

"అమ్మ నడక మారిందని తీసుకెళ్తే, వరండాలో రెండుసార్లు నడిపించి నరాల డాక్టరుకి రాసిచ్చారు. ఎక్స్‌రే కూడా తియ్యలేదు. ఇదేం పరీక్ష?" అని ఒకరు అడిగారు. నేను మాత్రం ఆ డాక్టరు మంచి పనే చేశారంటాను.

మా నాన్న స్టీల్ ప్లాంట్ స్టోర్స్‌లో చేసి రిటైరయ్యారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి వుడా పార్కు దాకా నడక. రెండేళ్ళ కిందట ఆయన కుడి చెప్పు రోడ్డు మీద సర్రు సర్రుమని గీసుకోవడం మొదలైంది. మొదట చూపించిన చోట కూర్చోబెట్టే ఎక్స్‌రే తీసి, మోకాళ్ళు అరిగాయన్నారు. ఆ వయసులో ఎవరికి తీసినా ఎంతో కొంత అరుగుదల కనబడుతుంది. ఆర్నెల్లు నొప్పి మాత్రలు మింగారు, నొప్పే లేని మనిషి!

తర్వాత చూసిన న్యూరాలజిస్టు గది గుమ్మంలోనే నిలబడి, నాన్న బెంచీ మీంచి లేవడం దగ్గర్నుంచీ గమనించారు. డాక్టరు చూస్తున్నారని తెలియగానే మా నాన్న పెరేడ్‌లో జవానులా నడిచారు. అయినా దొరికిపోయారు. ఎడమ చెయ్యి ఊగుతోంది, కుడిది ఒంటికి అతుక్కునే ఉంది. వెనక్కి తిరగడానికి ఏడు చిన్న అడుగులు పట్టాయి. "మోకాలి నొప్పయితే ఆ కాలి మీద బరువు ఎక్కువసేపు ఉంచరు, చటుక్కున రెండో కాలు వేసేస్తారు. ఈయనకి అది లేదు" అన్నారు.

ఆ తర్వాత వాచీ పట్టుకున్నారు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. పెద్దవాళ్ళకి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. నాన్నకి 17. ఈసారి 100 లోంచి ఏడేసి తీసేస్తూ నడవమన్నారు. స్టోర్స్ లెక్కలన్నీ నోటితోనే చేసిన మనిషికి అదో లెక్కా? 93, 86 అని టకటకా చెప్పారు. కాళ్ళే ఆగిపోయాయి. అది చూసి నాకు గుండె జారింది. చివర్న వెనక నిలబడి భుజాలు పట్టి ఒక్క లాగు లాగారు, తూలితే పట్టుకోడానికి సిద్ధంగా ఉండి. చేతులు, మణికట్లు కూడా వంచి చూశాకే పార్కిన్సన్స్ అన్నారు, అంటే మెదడులో కదలికల్ని నడిపించే భాగం దెబ్బతినే జబ్బు.

ఆ జబ్బుకి పేరిచ్చిన జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురి గురించి రాస్తే, వాళ్ళలో కొందరు ఆయన వీధిలో చూసినవాళ్ళేనట! స్కాన్లు వద్దనను, మాకూ ఎమ్మారై తీశారు. కానీ ఎక్కడ వెతకాలో ముందు నడకే చెప్పింది.

మీ అమ్మకీ పార్కిన్సన్సే అనుకోకండి. పాదం పైకి లేవకపోతే మోకాలు ఎత్తెత్తి వేస్తారు, పక్షవాతం వచ్చిన కాలు పక్కనుంచి తిప్పి వేస్తారు, తుంటి కండ బలహీనపడితే ఒళ్ళు ఓ పక్కకి ఒరుగుతుంది. నడక ఉన్నట్టుండి ఈ పూటే మారితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

వెళ్ళేముందు ఆవిడకి చెప్పకుండా ఇంట్లో నడుస్తుండగా పక్కనుంచీ వెనకనుంచీ వీడియో తీయండి. ఎప్పుడెక్కడ పడ్డారో రాసుకోండి. వాడే మాత్రలన్నీ పట్టుకెళ్ళండి, బీపీవీ నిద్రవీ సహా. పాత చెప్పులు పారేయకండి, అవీ సంచిలో వేసుకోండి. మా నాన్నవి చూస్తే కుడిదానికి ముందువైపు మాత్రమే అరిగిపోయి ఉంది.